పై వాటా నీళ్ళు

జనవరి 6

వంటింటి బల్ల మీద నీళ్ళు. గిన్నె పెట్టాను.

జనవరి 7

ఇవాళ పొడిగానే ఉంది. నిన్నటిది నా భ్రమ అనుకుందామంటే గిన్నెలో నీళ్ళు అలాగే ఉన్నాయి, పల్చటి టీ రంగులో. సీలింగు మీద అరచేయంత మచ్చ. సరిగ్గా దాని పైనే బెర్నడీన్‌గారి స్నానాల గది.

'గారు' అని మర్యాదగానే రాస్తున్నాను. నోటితో పలకరించడం మానేసిన సొంత చెల్లెల్ని కాగితం మీదైనా గౌరవించుకోవాలి కదా. మా నాన్న పెంపకం అలాంటిది.

జనవరి 9

మళ్ళీ పడింది. సాయంత్రం వార్తలు చూస్తూ బంగాళాదుంపల సూప్ తాగుతున్నాను. టప్పుమని సూప్‌లోనే పడింది. మా బేవ్యూ పేటలో ఇన్ని ఇళ్ళుండగా, ఈ ఇంట్లో ఇంత పెద్ద బల్ల ఉండగా, ఆ చుక్కకి నా గిన్నే దొరికింది.

చీపురుకర్ర తీసి సీలింగుని పొడిచాను. పైన అడుగుల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా. ధబ్. సుయ్. ధబ్. సుయ్. ఈ మధ్య అలాగే నడుస్తోంది. నాకు చిరాకని తెలిసే నడుస్తోంది.

జనవరి 12

ఆదివారం. చర్చి పూజలో పక్కవాళ్ళకి చేయి కలిపి శాంతి చెప్పుకునే ఘట్టం వచ్చింది. నేను ముందు వరసకీ, వెనక వరసకీ, ఏడుస్తున్న పసిబిడ్డకీ కూడా చేయి ఇచ్చాను. బెర్నడీన్‌గారు నడవకి అవతల నిలబడి గాజు కిటికీలు చూశారు. అవి ఆవిడ బాప్తిస్మం నాటి నుంచీ అక్కడే ఉన్నాయి.

బయటికొచ్చాక ఒకావిడ అడిగింది, "ఇంకా మాట్లాడుకోవడం లేదా, ఆర్లీన్?" అని. ఎందుకు మాట్లాడాలి? అక్టోబరులో నేను పిన్ని అంత్యక్రియలకి స్టీవెన్స్ పాయింట్ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా కుక్క బురెక్ లేడు. జబ్బు చేసిందట, పశువుల డాక్టరు నిద్రపుచ్చే ఇంజక్షన్ ఇచ్చేశాడట, అంతా అయిపోయిందట. నాకొక ఫోను లేదు, ఒక మాట లేదు. ఇల్లు ఇద్దరిదీ. కుక్కా ఇద్దరిదే. నిర్ణయం మాత్రం ఆవిడ ఒక్కదానిదే.

వాడి నీళ్ళ గిన్నె ఇంకా వెనక మెట్ల కింద ఉంది. తీసేవాళ్ళు లేక.

జనవరి 14

బాగా ఆలోచించాను. కావాలనే చేస్తోంది.

ఆధారం ఏమిటంటే, పగలు ఎప్పుడూ పడదు. నేను బల్ల దగ్గర కూర్చునే సాయంత్రమే పడుతుంది. పైపులకి నా భోజనం వేళలు ఎలా తెలుస్తాయి? చెల్లెళ్ళకి తెలుస్తాయి. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని నేను. సీటు కింద చూయింగ్ గమ్ ఎవడు అంటించాడో వెనక్కి తిరక్కుండా చెప్పేదాన్ని. నేరం చేసేవాళ్ళ సంగతి నాకు కొత్త కాదు.

వెనక మెట్ల మీద చీటీ పెట్టాను: "మీ నీళ్ళు మా సూప్‌లో పడుతున్నాయి."

సాయంత్రానికి దాని వెనకే జవాబు: "మా వైపు అంతా బాగానే ఉంది. ప్లంబర్ని పిలిపించుకోగలరు."

పిలిపించుకోగలరు! చూశారా ఆ మర్యాద.

జనవరి 18

ప్లంబరెందుకు, క్లెమ్ బావ ఉండగా. మా పెద్దమ్మ కూతురి మొగుడు. ఊళ్ళో ఇతను బాగుచేయనిది లేదు, ఇతను బాగుచేశాక మరొకరు వచ్చి బాగుచేయనిదీ లేదు. అయినా పిలిచాను, ఎందుకంటే పైకి వెళ్ళి చూడటానికి ఎవరో ఒకరు కావాలి, ఆ ఒకరు నేను కాకూడదు.

"చూడు మరదలా," అన్నాడు సీలింగు కింద నడుం మీద చేతులు పెట్టుకుని, "నీళ్ళ విషయం చాలా సింపుల్. పైనుంచి కిందికొస్తాయి."

"అది కనిపెడతావనే పిలిచాను బావా."

ముందు నీళ్ళు ఆపాలన్నాడు. నేలమాళిగలో మెయిన్ వాల్వు ఉంది, నాన్న పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బావ పాన పెట్టి బలంగా తిప్పాడు. వాల్వు తిరగలేదు. పిడి మాత్రం ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

"ఫరవాలేదు. నీళ్ళు ఆపకుండానే చేద్దాం."

పైకి వెళ్ళి చాలాసేపటికి దిగాడు. టబ్బు పక్క టైల్సు సందుల్లో తెల్లటి పేస్టు నింపాడట. ఇంకేం కారదట.

"బెర్నడీన్ మంచి కాఫీ ఇచ్చింది. కేకు కూడా పెట్టింది."

"నేను కేకు సంగతి అడగలేదు."

"నువ్వు అడగలేదు. తను మాత్రం నిన్ను అడిగింది, ఎలా ఉందీ అని."

"ఏం చెప్పావు?"

"ఇంకా బతికే ఉందన్నాను."

ఫ్రిజ్‌లో ఉన్న సాసేజీలన్నీ తిని వెళ్ళాడు. వాల్వు పిడి కూడా బావ జేబులోనే వెళ్ళిపోయింది.

జనవరి 20

పడింది.

జనవరి 21

బయట ఊపిరి తీస్తే ముక్కులో గడ్డకట్టేంత చలి. పొద్దున వంటింటి కుళాయిలో నీళ్ళు రాలేదు. బయటి గోడ పక్కన పైపు కదా, గడ్డకట్టింది. సింకు కింద తలుపులు తెరిచి, నేల మీద బోర్లా పడుకుని, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో పైపుకి గాలి కొట్టాను. జుట్టుకి కూడా నేను ఎప్పుడూ అంత సేవ చేయలేదు. చాలాసేపటికి కుళాయి దగ్గింది, ఉమ్మింది, తర్వాత పారింది. ఇకమీదట చలిరోజుల్లో సన్నధారగా వదిలేసి పడుకోవాలి.

ఇప్పుడు నీళ్ళు వస్తున్నాయి కానీ పోవడం లేదు. సింకు నిండి చెరువులా ఉంది. అంగట్లోంచి అడ్డు కరిగించే ఎర్ర సీసా మందు తెచ్చి పోశాను. కళ్ళు మండాయి. చెరువు మాత్రం అలాగే ఉంది.

పైన: ధబ్. సుయ్.

జనవరి 27

సరే, డబ్బా కొట్టుకునే పెద్ద కంపెనీకే ఫోన్ చేశాను. మెరిసిపోయే వ్యాన్‌లో ఒక కుర్రాడు వచ్చాడు. బూట్లకి నీలం సంచులు తొడుక్కున్నాడు, చేతిలో పలక లాంటి కంప్యూటరు. పాన లేదు, సుత్తి లేదు. పళ్ళు మాత్రం చాలా బాగున్నాయి.

"మేడమ్, మీ ఇంట్లో పైపులన్నీ పాత ఇనుపవి. గోడలన్నీ తెరిచి మొత్తం మార్చేయాలి."

"నాకు బల్ల మీద ఒక చుక్క పడుతోంది, బాబూ."

"అది లక్షణం మాత్రమే మేడమ్. రోగం గోడల్లో ఉంది."

"నువ్వు ప్లంబరువేనా?"

"నేను సౌఖ్య సలహాదారుణ్ణి, మేడమ్."

నా సౌఖ్యం కోసం గుమ్మం చూపించాను. నీలం సంచుల్లో ఒకటి నా మెట్ల మీద వదిలి వెళ్ళాడు.

ఫిబ్రవరి 3

బేకరీలో అమ్మాయి ఒక పేరు చెప్పింది, మరిబెల్ ఒకాంపో. "కాస్త నోరు ఎక్కువ, కానీ చేస్తుంది" అంది. నోరు ఎక్కువైతే నాకు ఇబ్బంది లేదు, అలవాటైన జబ్బే.

పొట్టి మనిషి, తుప్పు పట్టిన వ్యాను, పెద్ద గొంతు. లోపలికొస్తూనే సింకు దగ్గర ఆగి వాసన చూసింది.

"ఎర్ర సీసా మందు పోశారా?"

"కొంచెం."

"సీసాలో కొంచెం మిగిలిందా, సింకులో కొంచెం పోశారా?"

ఖాళీ సీసాని కాలితో బల్ల కిందికి నెట్టాను. ఆమె లావుపాటి చేతి తొడుగులు వేసుకుని సింకు కింద వంపు పైపు విప్పి బకెట్లోకి వంచింది. బంగాళాదుంప తొక్కలు, గడ్డకట్టిన కొవ్వు, ఒక చెంచా. ఆ చెంచా పోయిందని నేను క్లెమ్ బావని అనుమానించాను.

"అమ్మా, ఈ మందు తొక్కల్ని ఏమీ చెయ్యదు. పైపు విప్పేవాళ్ళ చేతుల్ని మాత్రం కాలుస్తుంది. ఇంకోసారి పోస్తే నాకు ముందే చెప్పండి, ఫోన్ ఎత్తను."

నాకు ఈ మనిషి నచ్చింది. చెప్పలేదనుకోండి.

నేలమాళిగలో పిడి లేని వాల్వుని చూసి "ఇది ఎవరి పని?" అంది. "బంధువుల పని" అన్నాను. "నా పనిలో సగం బంధువులు పెట్టేదే" అని పాడుకుంటూ కొత్త వాల్వు వేసింది. తర్వాత పైకి వెళ్ళింది. కమోడ్ ఎత్తి కింద మైనపు రింగు మార్చిందట. వందకి తొంభైసార్లు దోషం అక్కడే ఉంటుందట. నూటికి నూరుపాళ్ళూ నమ్మకంగా చెప్పింది.

చేతులు కడుక్కుంటూ, "మీ చెల్లెలు చాలా మంచిదమ్మా. పాపం ఇల్లు మారుతోందట కదా. గ్రీన్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ చూసుకుందట," అంది.

"అవును," అన్నాను.

"మీకు బెంగగా ఉంటుంది."

"అవును, తెలుసు నాకు. ఎప్పుడో చెప్పింది," అన్నాను.

ఫిబ్రవరి 4

గ్రీన్‌ఫీల్డ్. నాకేం.

ఫిబ్రవరి 6

బల్ల పొడిగా ఉంది. రాత్రి సూప్ ప్రశాంతంగా తాగాను. రుచిగా లేదు.

ఎవరి ఇష్టం వాళ్ళది. అరవై దాటిన మనిషి, ఎక్కడ కావాలంటే అక్కడ ఉండచ్చు. పుట్టి పెరిగిన ఇల్లు వదిలి, అక్కకి చెప్పకుండా, ప్లంబరుకి చెప్పి వెళ్ళచ్చు. నాకేం.

ఫిబ్రవరి 7

నాకేం అని రెండుసార్లు రాశానేమో. వెనక పేజీలు చూడను.

ఫిబ్రవరి 9

పడింది! బల్ల నడిమధ్య, పెద్ద చుక్క, వెనకే ఇంకోటి!

మరిబెల్‌కి ఫోన్ చేసి గట్టిగా అరిచాను. అరవడంలో ఎంత హాయి ఉందో మరిచేపోయాను. అవతల ఆమె ఏదో అంది, వినిపించలేదు. జలుబుతో గొంతు పోయిందట. ఎల్లుండి వస్తానని సైగ చేసినంత మెల్లగా చెప్పింది.

ఫిబ్రవరి 11

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇవాళ వెటకారం చేసే ఓపిక తక్కువగా ఉంది.

మరిబెల్ మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చింది. "తొంభైసార్లు అదేనన్నావు" అన్నాను. "మీది మిగతా పది," అంది, పిల్లి గొంతుతో. నిచ్చెన వేసి సీలింగులో మచ్చ చుట్టూ చిన్న రంపంతో కోసింది. నా వంటింటి నెత్తిన కంచమంత కన్నం. అందులోంచి పాత చెక్కలు, పైపులు, టబ్బు అడుగు, దాని పక్క నుంచి పై గది వెలుగు కొంచెం. ఆమె తల అందులో దూర్చి, టార్చి వేసి, మళ్ళీ బయటికి తీసింది.

"పైన ఒకరు నీళ్ళు వదలాలి. నేను ఇక్కడ చూస్తుంటాను. ఏది ఎప్పుడు వదలాలో అరిచి చెప్పాలి. నాకు గొంతు లేదు. మీరు అరవండి."

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

ముప్ఫై ఏళ్ళు బస్సులో అరిచిన దాన్ని. నిచ్చెన పక్కన నిలబడి, ఆ కన్నంలోకి చూస్తూ, నోరు తెరిచాను. అక్టోబరు తర్వాత మా చెల్లెలితో నేనన్న మొట్టమొదటి మాట ఇది: "కమోడ్ నొక్కు!"

ధబ్. సుయ్. తర్వాత పైనుంచి, "ఏ కమోడు?"

"నీకెన్ని ఉన్నాయి?"

నీళ్ళు హోరుమన్నాయి. కిందికి ఏమీ రాలేదు. "షవరు!" అని అరిచాను. ఏమీ రాలేదు. "టబ్బులో నీళ్ళు కొంచెం పట్టి వదిలెయ్!" ఏమీ లేదు. మరిబెల్ నా భుజం మీద తట్టి, గుసగుసగా, "రోజూ ఎలా స్నానం చేస్తారో అడగండి" అంది.

"రోజూ ఎలా స్నానం చేస్తావని అడుగుతోంది!"

"ఎవరు?"

"ప్లంబరు!"

"కూర్చుని!"

"నీళ్ళు ఎంత పడతావని!"

"నిండా. మెడ దాకా!"

"మెడ దాకా ఎందుకే? నువ్వేమన్నా తిమింగలానివా?"

ఇది మరిబెల్ అడగలేదు. ఇది నేనే అడిగాను. పైన కుళాయి తెరిచిన చప్పుడు. టబ్బు నిండుతోంది. ఆ చప్పుడులోంచి బెర్నడీన్ గొంతు, కొంచెం తగ్గి, "మోకాలు అక్కా. ఈ చలికి నొప్పి ముదిరిన సాయంత్రాలు వేణ్ణీళ్ళలో నానబెడితే గానీ అడుగు పడదు," అంది.

"మోకాలికేమయింది?"

"అక్టోబరులో మడతపడింది."

"ఎక్కడ?"

నీళ్ళ చప్పుడు. నేను మళ్ళీ అడగబోయాను. అంతలో చెప్పింది. "వెనక మెట్ల మీద. బురెక్ లేవలేకపోయాడు. మూర్ఛలొచ్చాయి, ఒకదాని వెంట ఒకటి. కారు దాకా మోసుకెళ్ళాను. కింది మెట్టు దగ్గర కాలు మెలిపడింది."

బురెక్ మామూలు కుక్క కాదు. మా చెల్లెలి బరువులో సగం ఉంటాడు వాడు.

"ఒక్కదానివే మోశావా?"

"ఇంకెవరున్నారు?"

నాకు ధబ్, సుయ్ గుర్తొచ్చింది. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. మరిబెల్ కన్నంలో తల పెట్టి ఉంది, కదల్లేదు. విననట్టు ఉండటం కూడా ఆమె పనిలో భాగమేమో.

"ఫోన్ చెయ్యచ్చుగా," అన్నాను. ఈసారి అరవలేదు. అయినా వినిపించింది.

"చేతిలోకి తీసుకున్నానక్కా. నువ్వు పిన్ని శవపేటిక పక్కన నిలబడి ఉంటావు. ఏమని చెప్పను? నువ్వక్కణ్ణుంచి వచ్చే దాకా వాడు ఆగేలా లేడు."

"చెప్పాల్సింది."

"నీకక్కడ ఇంకో ఏడుపు ఎందుకని..."

"అయినా చెప్పాల్సింది."

టబ్బు నిండుతూనే ఉంది. తర్వాత, "సరే. చెప్పాల్సింది," అంది.

సరిగ్గా అప్పుడే మరిబెల్ కెవ్వుమంది. గొంతు లేని కేక. నీళ్ళు ఆమె నుదుటి మీద పడి మఫ్లరులోకి కారుతున్నాయి. "దొరికింది! దొరికింది! ఆపమనండి!"

టబ్బు గోడకి పైభాగాన ఒక రంధ్రం ఉంటుంది, నీళ్ళు పొంగిపోకుండా. దాని వెనక రబ్బరు వాషరు ఎండి బిస్కెట్టులా పొడి అయింది. నీళ్ళు ఆ ఎత్తు దాకా వస్తేనే కారుతుంది. షవరు కింద నిలబడి స్నానం చేసినన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. మోకాలి కోసం మెడ దాకా నింపడం మొదలెట్టాకే నా సూప్‌లోకి దిగింది.

మరిబెల్ పైకి వెళ్ళి కొత్త రబ్బరు వేసి కాఫీ చల్లారేలోపు దిగొచ్చింది. టబ్బు మళ్ళీ నింపించి చూసింది. చుక్క లేదు. కన్నం మాత్రం ఇప్పుడే మూయొద్దంది, లోపలి చెక్కలు ఆరాలట.

గుమ్మం దగ్గర అంది, "మా అక్కతో నేను మాట్లాడి ఏడాది అవుతోందమ్మా. ఆమె ఇంట్లో పైపులు మరీ కొత్తవి. అదీ చిక్కు."

ఫిబ్రవరి 12

ఇవాళ ఏమీ రాయాలని లేదు.

ఫిబ్రవరి 13

క్యాబేజీ ఉడుకుతోంది. కన్నంలోంచి మాట వచ్చింది.

"ఏం వండుతున్నావ్? కంపు కొడుతోంది."

"ముక్కు మూసుకో."

"కొంచెం మిరియాలు ఎక్కువ వెయ్యి."

వేశాను. దాని కోసం కాదు. నాకే తినాలనిపించింది.

ఫిబ్రవరి 20

కన్నంలోంచి అడిగాను, "ఎప్పుడు వెళ్తున్నావ్?" అని.

"ఏప్రిల్ ఒకటికి."

"ఎందుకటా?"

"అక్కడ మెట్లు లేవక్కా. అంతా ఒకే అంతస్తు. ఇక్కడ రోజూ ఎక్కి దిగడం నా వల్ల కావడం లేదు. డాక్టరు కూడా చెప్పాడు."

అంటే నా మీద కోపంతో కాదు. మెట్ల మీద కోపంతో. నేను ఇంతకాలం ఎవరి మీద అలిగానో, ఆవిడ నా ఊసే లేకుండా ఇల్లు మారుతోంది. ఇదొక రకం అవమానం.

"మంచిదే," అన్నాను. "గ్రీన్‌ఫీల్డ్‌లో చెట్లు బాగుంటాయి."

గ్రీన్‌ఫీల్డ్‌లో చెట్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు.

మార్చి 4

రేపట్నుంచి ఉపవాస దినాలు. బేకరీ ముందు చీకటితోనే వరస. రేగుపండ్ల జాము పెట్టి వేయించిన తీపి బన్నులు, పొంచ్కీ, ఒక పెట్టె తీసుకున్నాను. ఒక మనిషికి పెట్టెడు పొంచ్కీ తినడం పాపం, ఉపవాసానికి ముందైనా. అందుకని పైకెళ్ళాను. కారణం అంతే.

మెట్లెక్కుతూ మొదటిసారి వాటిని చూశాను, మెట్లుగా. నిటారుగా, ఇరుగ్గా, మలుపు దగ్గర మెట్టు మూడు మూలలుగా. ఇక్కణ్ణుంచి ఆ బరువు మోసుకుంటూ దిగింది.

బెర్నడీన్ తలుపు తీసింది. పసుపు గౌను. ఒక మోకాలు ఇంకోదాని కంటే రెండింతలు. చూడనట్టు లోపలికెళ్ళాను. ముందు గది నిండా అట్టపెట్టెలు. కొన్నిటి మీద నా చేతిరాతలా ఉండే దాని చేతిరాత.

ఇద్దరం చేతులకి చక్కెర అంటించుకుంటూ తిన్నాం. రెండోది తింటుండగా అది తనంతట తానే చెప్పింది. డాక్టరు గదిలో నేల మీద కూర్చుందట, మోకాలు వంగకపోయినా. వాడి తల ఒళ్ళో పెట్టుకుందట. తోక ఒకసారి ఊపాడట, చివర్న. "నీ బస్సు హారన్ విన్నప్పుడు ఊపేవాడు చూడు, అలాగ," అంది.

నేను మూడో పొంచ్కీ తీసుకున్నాను. నోట్లో ఏదైనా ఉంటే మాట్లాడక్కర్లేదు.

తర్వాత అన్నాను, "కింది వాటాలో నాకు గాలి చాలడం లేదు."

"ఏమిటీ?"

"చీకటి. తేమ. నా ఎముకలకి పడటం లేదు. ఎప్పట్నుంచో పైకి మారాలని ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచే అనుకో. ఏం, అభ్యంతరమా? నువ్వు కిందికి రా, నేను పైకొస్తాను. గ్రీన్‌ఫీల్డ్‌లో బస్సులు సరిగ్గా తిరగవు. నాకు తెలుసు."

బెర్నడీన్ చేతులు తుడుచుకుంది. మొహం గట్టిపడింది. "నా మీద జాలి పడుతున్నావా?"

"నీ మీదా? నా ఎముకల మీద."

"పిల్లలప్పుడు కూడా ఇంతే నువ్వు. ఏదిచ్చినా నీకే అక్కర్లేదన్నట్టు ఇస్తావు. అడిగి ఇవ్వవు. నీకు నచ్చినట్టు ఇస్తావు, నీకు నచ్చినట్టు అలుగుతావు. నాలుగు నెలలు చీపురుకర్రతో మాట్లాడావు నాతో!"

"నువ్వు కుక్క సంగతి చెప్పలేదు!"

"చెప్పాల్సిందని ఒప్పుకున్నాను కదా!"

"కన్నంలోంచి!"

ఇద్దరం లేచి నిలబడి అరుచుకున్నాం. ఏమేమి అన్నామో రాయను. మిగిలిన పొంచ్కీ పెట్టె అక్కడే వదిలేసి దిగొచ్చాను. దిగాక కన్నం వైపు చూశాను. అదీ ఏమీ అనలేదు.

మార్చి 5

ఉపవాసాల మొదటి రోజు కదా, చర్చిలో నుదుటి మీద బూడిద పెట్టించుకున్నాను. బెర్నడీన్ రాలేదు. ఫోన్‌లో అడగచ్చు. అడగలేదు.

మార్చి 6

నాకే—

వద్దు. రాయను.

మార్చి 7

శుక్రవారం చేపల వేపుడు, చర్చి హాల్లో. ఒక్కదాన్నే కూర్చున్నాను. రై బ్రెడ్డు, క్యాబేజీ సలాడు, నిమ్మకాయ ముక్క. ఎదుటి కుర్చీ లాగిన చప్పుడయింది. కర్ర ఒకటి బల్లకి ఆనించి బెర్నడీన్ కూర్చుంది.

నా కంచంలోంచి ఒక చేపముక్క తీసుకుని అంది, "నీ టబ్బు పక్క పట్టుకోవడానికి కడ్డీ లేదు."

"వేయిద్దాం."

"నీ వంటింటి గోడల రంగు నాకు అసహ్యం."

"నాకూ అసహ్యమే. నాన్న వేశాడని ఉంచాను."

"నా గులాబీల కర్టెన్లు పై కిటికీలకే కుట్టించాను. అవి నీకే వదిలేస్తాను. మార్చకూడదు."

"గులాబీలా?"

"మార్చకూడదు."

"సరే."

"గ్రీన్‌ఫీల్డ్ వాళ్ళకి రానని పొద్దున్నే చెప్పేశాను," అంది. అప్పుడు గానీ నా వైపు చూడలేదు. "జాలి కాదుగా?"

"ఎముకలు," అన్నాను.

ఇంకో చేపముక్క తీసుకుంది. నేను నిమ్మకాయ పిండాను, గట్టిగా, కంట్లో పడేలా. కళ్ళు నీళ్ళు పెట్టుకోవడానికి అంతకన్నా పరువైన మార్గం తోచలేదు.

మార్చి 19

మరిబెల్ వచ్చింది, గొంతు తిరిగొచ్చింది, ఇల్లంతా పాటలే. కింది టబ్బు పక్క రెండు కడ్డీలు బిగించింది. గోడ లోపలి కర్రకి పట్టేలా బిగించాలట, వట్టి టైలుకి బిగిస్తే మనిషితో సహా ఊడుతుందట. తర్వాత కడ్డీ పట్టుకుని వేలాడి చూపించింది.

క్లెమ్ బావ ఫోన్ చేశాడు. సీలింగు కన్నం తానే పూడుస్తానన్నాడు, ఉచితంగా. నేనూ బెర్నడీనూ ఒకేసారి "వద్దు" అన్నాం. ఇద్దరం ఒకే మాట మీద నిలబడి చాలాకాలమైంది.

కన్నం వేరే మనిషి పూడ్చాడు. మచ్చ కూడా కనిపించడం లేదు. వంటిల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

ఏప్రిల్ 25

సామాన్లు మార్చడం అయిపోయింది. బావ సోఫా మోస్తానని వచ్చి మలుపు దగ్గర ఇరుక్కుపోయాడు, సోఫాకి అవతల. ఆయన్ని విడిపించడానికి సోఫా కాలు ఒకటి కోయాల్సి వచ్చింది. ఆయన కాలు కోద్దామని నేనన్నాను, ఓట్లు చాల్లేదు.

బెర్నడీన్ కింది వంటింటికి పచ్చటి ఆకుల కాగితం అంటించింది. నాన్న చూస్తే మళ్ళీ చచ్చిపోతాడు. బాగుంది.

ఏప్రిల్ 27

పైన మొదటి ఆదివారం. పొద్దున్నే మెలకువ వచ్చింది. మంచం మీంచే చేయి చాచి గులాబీల కర్టెన్లు పక్కకి లాగాను, వాటిని చూడకుండా ఉందామని.

ఎదురిళ్ళ కప్పుల మధ్య, ఇంకా ఆకులు రాని కొమ్మల సందులోంచి, సరస్సు. చిన్న ముక్క కాదు. ఎండ పడి మెరుస్తున్న ఇంతటి సరస్సు, మంచం మీద పడుకుంటేనే కనిపిస్తుంది. కుర్చీలో కూర్చున్నా కనిపించదు, నిలబడినా కనిపించదు. లేచి చూశాను, మళ్ళీ పడుకుని చూశాను. ఈ ఇంట్లోనే పుట్టి ఇన్నేళ్ళు బతికాను. ఎప్పుడు పైకొచ్చినా వంటింట్లో కూర్చుని కాఫీ తాగి దిగిపోయాను.

ఫోన్ చేశాను.

"మంచం మీంచి సరస్సు కనిపిస్తుందని ఎప్పుడూ చెప్పలేదేమే?"

బెర్నడీన్ నిద్రగొంతుతో, "చెబితే పై వాటా నువ్వే అడిగేదానివి," అంది.

"ఇన్నేళ్ళా? ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఒక్కదానివే చూశావా?"

"బురెక్ కూడా చూసేవాడు."

ఇలాంటివి ఫోన్‌లో తేల్చుకునేవి కావు. చెప్పులు వేసుకున్నాను. కిందికి వెళ్తున్నాను.